దిద్ది పంపిన కాగితము

పత్రికారచనను దూరవిద్యాపద్ధతిని బోధింపవచ్చునా యను ప్రశ్నను పండితుల సభలలోను, విలేకరుల గోష్ఠులలోను నే ననేక పర్యాయములు వినియున్నాను. అడుగువారి సంశయము నిరాధారమైనది కాదు. గణితమును, చరిత్రమును పుస్తకరూపమున నింటికి పంపవచ్చునుగాని, వార్తను పసిగట్టు చూపును, విన్నదానిని వెంటనే విశ్వసింపని జాగరూకతను, గడువు తరుముకొని వచ్చుచుండగా నాలుగు పంక్తులలో యథార్థమును పొదుగగల నేర్పును తపాలా సంచిలో నెట్లు పంపుదురని వారి వాదము. వైద్యమును, ఇంజినీరింగును దూరవిద్యలో బోధింపరాదని యూజీసీ నిబంధనలు శాసించుచున్నవి. పత్రికారచనకు మాత్ర మట్టి నిషేధము లేదు. ఈ భేదమును చూపి, వార్త వ్రాయువాని పని యెవరికిని ప్రాణాంతకము కాదని యధికారులు తలచినట్లున్నదని ఖేదపడువారును గలరు. ఒక తప్పుడు వార్త యొక కుటుంబమును, ఒక యూరును, ఒక్కొక్కప్పు డొక దేశమునే యెంత గాయపరుపగలదో యెరిగినవాడనగుటచేత వారి ఖేదమును నేను గౌరవింతును. అయినను నా నమ్మకము వేరు. ముఖాముఖి చూడని మనుష్యునకు యథార్థమును చేరవేయుటయే పత్రికారచన. కావున చూడని గురువునొద్ద దానిని నేర్చుకొనుటలో స్వభావవిరుద్ధమైన దేదియు లేదు. కావలసినదెల్ల శిష్యుడు వ్రాసిన కాగితము గురువు చేతిలో దిద్దబడి మరల శిష్యుని యింటికి చేరుట.

పూర్వము తెలుగునాట నీ విద్యకు కళాశాల లేదు. 1902లో మచిలీపట్టణమున వెలసిన కృష్ణాపత్రికను ముట్నూరి కృష్ణారావుగారు 1907 మొదలు 1945లో పరమపదించువరకు నడపిరి. ఆ దినములలో పత్రికా కార్యాలయమే పాఠశాల, సంపాదకుడే యాచార్యుడు. అవిభక్త భారతదేశమున 1941లో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయమునందు పత్రికారచనాశాఖ యేర్పడినది. మన ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1954లో నారంభమైనది. అంతవరకు, ఆ పిమ్మట చాలకాలమువరకును, ఎక్కువమంది విలేకరులు డెస్కు దగ్గర నిలుచుండి నేర్చుకొన్నవారే. ఆ శిక్షణలోని సారమేమని విచారించినచో, పెద్దవాని సన్నిధానము కాదు, కార్యాలయపు గోడలు కాదు, అచ్చుయంత్రపు చప్పుడును కాదు. తాను వ్రాసిన పది వాక్యములలో నాలుగు కొట్టివేయబడి, రెండు తలక్రిందులై, మిగిలినవాని ప్రక్కన ‘ఎవరు చెప్పిరి?’ యని వ్రాయబడి తన చేతికి వచ్చిన కాగితమును చూచుకొని, కొంతసేపు నొచ్చుకొని, పిమ్మట నెందుకట్లు చేసిరో గ్రహించుటయే యా సారము. గురువు ప్రక్కగదిలో నున్నను, మున్నూరు మైళ్ల దూరమున నున్నను ఆ కాగితము చేయు మేలొక్కటే.

దూరవిద్య చరిత్రను త్రవ్వి చూచినపు డందలి మొదటి యడుగుజాడలు పత్రికారచన చేరువనే కనబడుట నాకు మిక్కిలి సంతోషము గొలిపినది. అమెరికాలోని బోస్టన్ గెజిట్ అను పత్రికలో 1728లో కేలబ్ ఫిలిప్స్ అను నాత డొక ప్రకటన వేయించెను: ఊరి వెలుపల నుండువారికి వారము వారము పాఠములు పంపి సంక్షిప్తలిపి నేర్పెదనని. అనగా దూరవిద్యకు మనకు దొరకుచున్న మిక్కిలి ప్రాచీనమైన దాఖలాలలో నొకటి వార్తాపత్రికలోనే యున్నది. అందు చెప్పిన విద్యయు విలేకరికి నిత్యోపయోగకరమైన షార్టుహ్యాండే. అయితే పాఠములు పోవుటయేగాని విద్యార్థుల వ్రాతలు తిరిగి వచ్చినట్లా ప్రకటనలో లేదు. ఆ కొరతను తీర్చినవాడు ఐజాక్ పిట్‌మన్. 1840లో ఇంగ్లండున ఎంత దూరమునకైనను ఒక్క పెన్నీకే ఉత్తరము పంపు నేర్పాటు రాగానే, ఆతడు విద్యార్థులచే బైబిలు వాక్యములను తాను కల్పించిన సంక్షిప్తలిపిలో వ్రాయించి తెప్పించుకొని, తప్పులు దిద్ది, మరల వారికి పంపుట మొదలిడెను. ఫిలిప్స్ పాఠములు పంపెను. పిట్‌మన్ దిద్దుబాటును పంపెను. నా దృష్టిలో దూరవిద్య యను పేరునకు తగిన కార్యము రెండవదితోనే ఆరంభమైనది.

భారతదేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదున నెలకొనుట తెలుగువారు గర్వింపదగిన విషయము. ఆచార్య జి. రాంరెడ్డిగారు దానికి ప్రథమోపాధ్యక్షులు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడగా దానికిని వారే తొలి యుపాధ్యక్షులైరి. హైదరాబాదులోని ఆ ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము పిదప 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు ధరించినది. బడి గడపను దాటి మరల పోలేకపోయినవారికి, పదునెనిమిది యేండ్లు నిండి యర్హతాపరీక్షలో నుత్తీర్ణులైనచో, పాత సర్టిఫికెట్లు లేకున్నను పట్టభద్రత మార్గము తెరచిన యా యేర్పాటు, నా మనస్సునకు మన ప్రాంతమున జరిగిన గొప్ప సంఘసంస్కారములలో నొకటి. ఇట్టి విశ్వవిద్యాలయములలో జర్నలిజము, మాధ్యమరచన, పౌరసంబంధములు పాఠ్యవిషయములైనవి.

ఈ పాఠములకు చేరువా రెవరో కొంతకాల మొక యధ్యయనకేంద్రమున ఆదివారపు తరగతులు చెప్పిన భాగ్యముచేత నే నెరుగుదును. వారిలో బడిపంతుళ్లు గలరు, ఆర్టీసీ కండక్టర్లు గలరు, అంగన్‌వాడీ కార్యకర్తలు గలరు, పెండ్లియై చదువు మానిన గృహిణులు గలరు. కాని యెక్కువమంది పత్రికలకు మండలములనుండి వార్తలు పంపు కంట్రిబ్యూటర్లు. వీరిలో పెక్కుమందికి జీతము లేదు. అచ్చైన వార్త కొలతనుబట్టి యిచ్చు స్వల్పమైన సొమ్మును లైన్ అకౌంట్ అందురు. దానితో ఇల్లు గడవదు గనుక జెరాక్సు దుకాణమో, ట్యూషన్లో, ఎల్ఐసీ ఏజెన్సీయో ప్రక్కన నుండును. పైపెచ్చు ప్రకటనలు సేకరించి పంపవలసిన భారము గలదు. ఎవరిని ప్రశ్నించుచు వార్త వ్రాయవలయునో వారియొద్దనే పండుగనాడు ప్రకటన యడుగవలసి వచ్చు నా సంకటము, నీతిశాస్త్రములో నే యధ్యాయమునందును లేదు. వారిచేతి వార్తలతోనే మన జిల్లా సంచికలు నిండుచున్నవి. వారికే శిక్షణ లేదు. నగరమునకు వచ్చి రెండేండ్లు చదువుటకు వారికి తీరిక లేదు, ధనము లేదు. వచ్చినచో ఊరిలోని విలేకరి స్థానము మరియొకనికి పోవును.

ఇక్కడనే దూరవిద్యకుగల యొక విశేషమును గుర్తింపవలయునని నా యాకాంక్ష. నగర కళాశాలకు వచ్చిన విద్యార్థికి మనము ముందుగా నాతని యూరును దూరము చేయుదుము. పిమ్మట నాతనిని ‘క్షేత్రపర్యటన’ పేర నొక బస్సులో నెక్కించి మరియొక యూరును చూపుదుము. దూరవిద్యార్థి తన యూరిలోనే యుండును. చెరువు తూము, రేషను దుకాణము, మార్కెట్ యార్డు, గ్రామసభ, సర్పంచి యరుగు — అన్నియు నాతని కాలినడక దూరమున నున్నవి. ఎవరు యథార్థము చెప్పుదురో, ఎవరు దాచుదురో, ఎవరి మౌనమున కర్థమేమో యాతనికి తెలియును. కావలసినది, తెలిసినదానిని తెలియనివానికి చెప్పు పద్ధతి. ఆ పద్ధతి పుస్తకములో నిమిడించి పంపదగినదే.

అయితే ఆ పుస్తకమును వ్రాయువాని బాధ్యత సామాన్యము కాదు. తరగతిలో విద్యార్థి కనుబొమ ముడిచినచో ఉపాధ్యాయుడు గ్రహించి మరల చెప్పును. ముద్రితపాఠ మా కనుబొమను చూడజాలదు. వార్తాపత్రిక చదువరి విషయమును సరిగా నిదియే: అర్థము కాలేదని యాతడు విలేకరిని పిలిచి యడుగడు, పుట త్రిప్పివేయును. కావున పత్రికారచనపై పాఠము వ్రాయువాడు తాను బోధించు నియమములను తన పాఠమునందే పాటింపవలయును, పాఠమే ప్రథమోదాహరణము. స్పష్టముగా వ్రాయుడని మూడు పుటల పొడవున నస్పష్టముగా నుపదేశించిన పాఠములను నేను చూచితిని. ఎచ్చటిదో పరదేశనగరమున జరిగిన యగ్నిప్రమాదమును ఇంట్రోకు నమూనాగా చూపుటయు చూచితిని. గుంటూరు మిర్చి యార్డులో ధర పడిపోయిన దినమును, జిల్లాపరిషత్తు సమావేశమున సభ్యులు లేచిపోయిన దినమును మన విద్యార్థికి చూపరాదా?

అచ్చుపాఠమున కెట్టి శక్తి యుండగలదో మన నేలమీదనే యొక నిదర్శన మున్నది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమకాలమున, 1990వ దశకపు తొలినాళ్లలో, రాత్రిబడుల వాచకమునందు సీతమ్మ కథ యను నొక పాఠ ముండెను: సారాయి వలన చిన్నాభిన్నమైన యొక పేదకుటుంబపు వృత్తాంతము. అది ఆ జిల్లాలోని దూబగుంట గ్రామమునుగూర్చి వ్రాసినది కాదు. కాని యా గ్రామపు స్త్రీలు దానిని చదివి, తమ యిండ్లను తాము చూచుకొని, సారాయి దుకాణమును మూయించిరి. ఆ వార్త పాఠముగా మారి తరువాతి వాచకములో ‘ఆడవాళ్లు ఏకమైతే’ యను పేర వచ్చెను. దానిని చదివిన యితర గ్రామముల స్త్రీలు లేచిరి. పత్రికలు వారి వార్తలను పుటలు పుటలుగా ప్రకటించెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారాయి నిషేధింపబడెను. పాఠము వార్తయై, వార్త మరల పాఠమైన యీ వృత్తాంతమును జర్నలిజము పాఠ్యగ్రంథములలో ప్రథమాధ్యాయముగా నుంచవలెనని నేను కోరుదును. దానిని చదివిన మండల విలేకరి తన పనినిగూర్చి యెన్నడును చిన్నచూపు చూచుకొనజాలడు.

మైకేల్ మూర్ అను విద్యావేత్త దూరవిద్యలోని దూరమును క్రోసులతో కొలువరాదనెను. గురుశిష్యుల నడుమ సంభాషణ తగ్గినకొలది పెరుగు వ్యవధానమే నిజమైన దూరమని యాతని సిద్ధాంతము. ఒకే గదిలో రెండువందలమందికి ఉపన్యసించి వెడలిపోవు నాచార్యునకును ఆ గదిలోని విద్యార్థులకును నడుమ నెంత దూరమున్నదో మనమందర మెరిగినదే. ఈ కొలమానముతో చూచినపుడు మన దూరవిద్యాకేంద్రములలో ప్రాణసంకటముగా నున్న విషయ మేదో స్పష్టమగును. అది అసైన్‌మెంటు.

ఒక యుదాహరణము చెప్పెదను. తన గ్రామసమస్యపై వార్తాకథనము వ్రాయుమన్నప్పు డొక కంట్రిబ్యూటరు, మండలకేంద్రమున జెరాక్సు దుకాణము నడుపుకొనువాడు, ఒక పుట పంపెను. గ్రామములో త్రాగునీటి యెద్దడి తీవ్రముగా నున్నదనియు, ప్రజలు తీవ్రమైన యిబ్బందుల పాలగుచున్నారనియు, అధికారులు తక్షణమే స్పందింపవలెనని కోరుచున్నారనియు అందున్నది. దినదినము మనము చదువు వాక్యములే. అందసత్య మేమియు లేదు, సత్యమును లేదు. పదికి ఆరు మార్కులు వేసి పంపిన నెవరును తప్పు పట్టరు. కాని యంచున కొన్ని ప్రశ్నలు వ్రాసి పంపుట జరిగినది: ఏ వీధిలో నీరు లేదు? అన్ని వీధులలోను లేదా? ట్యాంకు నిండుచున్నదా? వాల్వు త్రిప్పువా డెవరు, ఏ వేళ త్రిప్పును? గ్రామీణ నీటిసరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) ఏఈ ఏమనుచున్నారు? ప్రజలనగా నెవరు — ఒక్కరి పేరైనను వ్రాయరాదా?

అతడు మరల వ్రాసి పంపిన కథనము వేరొక కథనము. ట్యాంకు నిండుచునే యున్నది. ఊరి మొదటి వీధులకు నీరు సమృద్ధిగా పోవుచున్నది. కొందరక్కడ మోటారులు బిగించి లాగుకొనుచున్నారు. గొట్టము చివర, కొంత యెత్తున నున్న దళితవాడకు చేరునప్పటికి ధార సన్నగిలి, వాల్వు కట్టివేయు వేళ యగుచున్నది. అక్కడి యొక తల్లి యుదయము పని మాని బిందెలతో కాచుకొని యుండుటవలన కూలి పోగొట్టుకొనుచున్నది. సమస్య నీటి కొరత కాదు, పంపకములోని యన్యాయము. ఈ మాట మొదటి వ్రాతలో లేదు, ఆ విలేకరి మనస్సులోను లేదు. ఆయన ఆ యూరిలోనే పుట్టి పెరిగినను ఆ వాల్వు చెంత నెన్నడు నిలుచుండలేదు. ప్రశ్నల కాగితము చేతికి వచ్చిన సాయంకాలమే పోయి నిలుచుండెను. నగర కళాశాలలో నీ ప్రశ్నలు వేసినచో విద్యార్థికి జవాబు వెదకుటకు వాల్వేది?

ఆ కథనమును పత్రికకు పంపుటలో నాతనికి భయమును కలిగినది. మోటారులు బిగించినవారిలో నాతని మేనమామయు నున్నాడు. పత్రికా నీతిపై పాఠములో స్వప్రయోజనము, పరప్రయోజనము అని విభజించి వ్రాసిన పుట లాతనికి క్రొత్త యర్థమును సంతరించుకొన్నవి. గురువు తీర్పు చెప్పజాలడు. కాని మేనమామ వాదమును గూడ అడిగి వ్రాయుమని, ఆయన బంధుత్వమును సంపాదకునకు ముందే తెలుపుమని చెప్పగలడు. ఇది మహానగరమున కూర్చుండి తెలియని మనుష్యులపై వార్తలు వ్రాయువాని కెదురుగాని పరీక్ష. మండల విలేకరి తాను వ్రాసినవారి ముఖములను మరునాడు టీకొట్టు దగ్గర చూడవలయును. అట్టివానికి దూరముననున్న గురువు కొంత మేలుగూడ: ఊరి పెద్దల యొత్తిడి యా గురువును తాకదు.

కాని ఎక్కువ కాగితములకు ఈ భాగ్యము లేదు. కట్టలు కట్టలుగా వచ్చిన అసైన్‌మెంట్లను దిద్దువారికి కాగితమునకింత యని యిచ్చు ప్రతిఫలము మిక్కిలి స్వల్పము; ఒక్కొక్కదానిపై పావుగంట గడపువాడు నష్టపడును, మొదటి పుటను చూచి చివరి పుటలో మార్కు వేయువాడు లాభపడును. అంకె వేసి అట్టిపెట్టిన కట్టలను, విద్యార్థికి తిరిగి చేరకయే బీరువాలలో మ్రగ్గుచున్నవానిని నేను కన్నులార చూచితిని. ఆ కేంద్రము పేరు చెప్పుటవలన ప్రయోజనము లేదు, ఆ యవస్థ యొక్క చోటనే యున్నది కాదు. తక్కిన విద్యలలో నిది లోపము. పత్రికారచనలో విద్యకే భంగము. ఏలయనగా సంపాదకుడు చూడని కాగితము వార్త కాదు.

దూరవిద్య కందని యంశములు లేకపోలేదు. రాత్రి పదకొండు గంటలకు పుటను మూయుచు శీర్షిక కుదించు నేర్పు, కెమెరా పట్టు చేతి యదుపు, ధ్వనిని కూర్చు చెవి — వీనికి మనుష్యులు కలిసి పనిచేయు కొన్ని దినములు తప్పనిసరి. ఐతే వానికిని నగరమే శరణ్యమని తలపనక్కరలేదు. జహీరాబాదు ప్రాంతమున, మాచనూరు గ్రామములో, దళితస్త్రీలు నడుపు సంఘం రేడియో 2008లో ప్రసారములారంభించినది. గాలితరంగములు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పినను, గ్రామీణసంఘములకు రేడియో నడుపుకొను ననుమతి విధానము 2006లోగాని రాలేదు. అంతవరకు ఆ స్త్రీలు తమ కార్యక్రమములను క్యాసెట్లపై రికార్డుచేసి సంఘసమావేశములలో వినిపించుకొనుచు నోపికతో నిరీక్షించిరి. చిరుధాన్యములు పండించు చేతులతో వారు మైకులు పట్టిరి. శిక్షణ వారియొద్దకు వచ్చినది. వారు శిక్షణకై భూములు విడువలేదు.

యంత్రసాధనములు పెరిగినవని సంతోషింపవలసినదే. 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరముపాటు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు చూపిన ‘సైట్’ ప్రయోగములో మన గ్రామములును నుండెను. పిదప జ్ఞానదర్శన్, జ్ఞానవాణి వచ్చినవి. 2017 నుండి స్వయం వేదికపై ఎవరైనను పాఠములు వినవచ్చును. కాని యీ సాధనము లన్నియు ఫిలిప్స్ మార్గమున నతిసమర్థములు: పాఠమును కొనిపోగలవు. వ్రాతను తెచ్చి, చదివి, ప్రశ్నించి తిరిగి పంపు పిట్‌మన్ కార్యమునకు నేటికిని మనుష్యుడే కావలయును. నాలుగు జవాబులలో సరియైన దానిని గుర్తింపుమను ప్రశ్నను యంత్రము దిద్దగలదుగాని, ‘ఆ వాడకు పోయితివా?’ యని యడుగవలెనను స్ఫూర్తి దానికెచ్చటినుండి వచ్చును?

ఈ పాఠ్యక్రమములను కూర్చువారికి నా విన్నపములు స్వల్పములు. దిద్దువానికి కాగితమునకు గాక, కాగితముపై వ్రాసిన ప్రశ్నలకు వేతన మిండు. ఆయా జిల్లాల సంచికలలో పనిచేసి విశ్రాంతి పొందిన సబ్‌ఎడిటర్లను పిలిచి ఆ పనిలో నియోగింపుడు. వారికి తమ యుద్యోగమునుండి పోయిన గౌరవము తిరిగి వచ్చును, విద్యార్థికి డెస్కు దగ్గర నిలుచుండిన ఫలము దక్కును. ప్రతి విద్యార్థిచేతను సమాచారహక్కు దరఖాస్తు నొకటి వ్రాయింపుడు. ఇక్కడి నియమములలో గ్రామస్థాయిని రుసుము లేకయు, మండలస్థాయిని 5 రూపాయలకును, ఆపైన 10 రూపాయలకును ఆ హక్కు దొరకునట్లు చేసిరి; 30 దినములలో జవాబు రావలయును; వచ్చిన జవాబును, రాకున్నచో రాని సంగతిని, కథనములో చేర్పింపుడు. అన్నిటికంటె ముఖ్యముగా, ఒక్క వ్రాతకు మార్కులు వేయు పద్ధతిని విడిచి, మొదటి ప్రతిని, దిద్దుబాట్లను, రెండవ ప్రతిని కలిపి తెప్పించుకొని, రెండు ప్రతుల నడుమ విద్యార్థి నడచిన దూరమునకు మార్కులు వేయుడు. పరీక్షాధికారులకు ఇది శ్రమ యగును; సెమిస్టరు గడువులు సవరింపవలసి వచ్చును; విద్యార్థుల సంఖ్య కొంత తగ్గించుకొనవలసియు రావచ్చును. తగ్గించుకొందురుగాక.